కిటికీ పగలగొట్టమన్నారనుకున్నాను

నమస్తే అండీ. ఈ రోజు వీడియో కారులోనే. ఇప్పుడే వాన వెలిసింది, అద్దాలన్నీ లోపలి వైపు ఆవిరి పట్టేశాయి. ఇదిగో, ఈ అద్దాన్ని రెండు వేళ్లు పట్టేంత దించుతున్నాను. కనిపిస్తోందా? అమెరికా వచ్చిన కొత్తలో నా ఇంగ్లీషు పరువు పోయింది ఈ సందులోనే.

ఆఫీసులో పనిచేసే ఒక పెద్దాయన నన్ను తన కారులో ఇంటి దగ్గర దింపుతున్నారు. దారిలో ‘కిటికీ కొంచెం క్రాక్ చెయ్యి’ అన్నారు. క్రాక్ అంటే అప్పటికి నాకు తెలిసినవి రెండే: గోడలో పగులు, తిక్క మనిషి. ఈయన రెండో రకమేమోనని బిక్కుబిక్కుమంటూ చూశాను. చివరికి ఆయనే తన వైపు మీట నొక్కి నా అద్దం కాస్త దించారు. గాలి కోసమట!

తరువాత నిఘంటువు తిరగేస్తే, మాట పుట్టింది చప్పుడులోంచి. చప్పుడుతో వస్తువు పగులుతుంది, పగిలిన చోట సన్నని సందు మిగులుతుంది. అద్దం దించితే మిగిలేదీ ఆ సందే. ఈ వరస తెలిశాక మాట మీద కోపం పోయింది.

మనకైతే కొరడా ఛెళ్లుమంటుంది, కొమ్మ ఫెళ్లుమంటుంది, మంట చిటపటమంటుంది. ఇంగ్లీషులో కొరడాకీ కొమ్మకీ ఉరుముకీ క్రాక్ ఒక్కటే సరిపోతుంది. నాకైతే ఇది పిసినారితనమే. జోకు వేయడానికీ, రహస్య సంకేతం ఛేదించడానికీ, తొలి వెలుగు విచ్చుకునే క్షణానికీ మళ్లీ అదే మాట. ఐర్లండ్ వాళ్లయితే స్పెల్లింగు మార్చి సరదా కబుర్లకు వాడుకుంటారు. ఒక జాగ్రత్త: మన అలవాటు కొద్దీ ఇక్కడ ఎవరినీ క్రాక్ అనకండి. వీళ్లకు ముందు గుర్తొచ్చేది మత్తుమందు. కొకైన్‌లో ఆ రకాన్ని వేడి చేస్తే చిటపటమంటుంది కనుకనే ఆ పేరు.

ఇప్పుడు మైకు దగ్గర మెటికలు విరుస్తున్నాను. విన్నారా? ఇదీ క్రాకే. కీళ్ల మధ్య ఉండే ద్రవంలో బుడగ ఏర్పడినప్పుడు ఈ చప్పుడు వస్తుందని 2015లో కెనడా పరిశోధకులు ఎం.ఆర్.ఐ.లో చూపించారు. మెటికలు విరిస్తే కీళ్లవాతం వస్తుందని పెద్దలు బెదిరిస్తారు కదా, డొనాల్డ్ ఉంగర్ అనే వైద్యుడు 60 ఏళ్లకు పైగా ఒక చేతి మెటికలే విరిచి, రెండో చేతిని ముట్టుకోకుండా వదిలేశాడు. చివరికి రెండు చేతులకూ తేడా కనిపించలేదు. ఆ ఓపికకు 2009లో ఇగ్ నోబెల్ ఇచ్చారు. నవ్వు తెప్పించి, ఆ పైన ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది.

ఆవిరి పోయింది, అద్దం ఎత్తేస్తున్నాను. అన్నట్టు, ఆ పెద్దాయనకు మొన్న ఈ కథంతా చెప్పాను. ఆ రోజు నేను కారులో సుత్తి కోసం వెతుకుతున్నట్టు కనిపించానట.