పాత మదర్‌బోర్డులో హార్డ్‌డిస్క్ పీఐఓ మోడ్‌కు ఎందుకు పడిపోతుంది?

[తెరపై: పాత కంప్యూటర్‌లో ఒక పెద్ద ఫైలు కాపీ అవుతోంది. మౌస్ పాయింటర్ ఆగి ఆగి కదులుతోంది.]

విండోస్ ఎక్స్‌పీ నడిచే పాత కంప్యూటర్‌లో ఫైలు కాపీ మొదలుపెట్టగానే పాట ముక్కలు ముక్కలుగా వినబడి, పాయింటర్ కూడా మొరాయిస్తే, చాలామంది ముందు వైరస్‌ను, తరువాత ర్యామ్‌ను అనుమానించి, చివరకు బాగున్న హార్డ్‌డిస్క్‌నే మార్చేస్తారు. వాటన్నిటికంటే ముందు చూడవలసినది, ఆ డిస్క్ ఏ ట్రాన్స్‌ఫర్ మోడ్‌లో పనిచేస్తున్నదన్న సంగతి.

ఐడీఈ డిస్క్ (వెడల్పాటి రిబ్బన్ కేబుల్‌తో మదర్‌బోర్డుకు కలిసే పాత రకం హార్డ్‌డిస్క్) నుంచి డేటా రెండు విధాలుగా మెమరీకి చేరుతుంది. పీఐఓ పద్ధతిలో ప్రాసెసరే డేటాను 16 బిట్ల చొప్పున చదివి మెమరీలో పెట్టాలి. అంతసేపూ దానికి వేరే పనికి తీరిక ఉండదు. డీఎంఏ పద్ధతిలో ఆ పనిని కంట్రోలర్ చూసుకుంటుంది, ప్రాసెసర్ పని మొదలుపెట్టి వదిలేస్తే సరిపోతుంది. పీఐఓలో అత్యధికమైన మోడ్ 4 వేగం సెకనుకు 16.7 మెగాబైట్లు కాగా, అల్ట్రా డీఎంఏ మోడ్ 2లో అది 33, మోడ్ 4లో 66, మోడ్ 5లో 100, మోడ్ 6లో 133 మెగాబైట్లు. అయితే మనను నిజంగా విసిగించేది వేగం తగ్గడం కాదు, ప్రాసెసర్ మీద పడే ఆ భారమే.

[తెరపై: డివైస్ మేనేజర్‌లో ప్రైమరీ ఐడీఈ ఛానెల్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్.]

డివైస్ మేనేజర్‌లో ప్రైమరీ ఐడీఈ ఛానెల్ ప్రాపర్టీస్ తెరిచి అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. ‘డీఎంఏ ఇఫ్ అవైలబుల్’ అని ఉన్నది మనం కోరినది మాత్రమే. దాని కింద ‘కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్’ ఎదురుగా ఉన్నదే ప్రస్తుతం నడుస్తున్నది. పైన డీఎంఏ ఎంపికై ఉండి కింద పీఐఓ కనబడితే, విండోస్ దానిని కావాలనే దించిందని అర్థం.

డిస్క్ నుంచి టైమ్ అవుట్ (సమయానికి జవాబు రాకపోవడం) లేదా సీఆర్‌సీ లోపాలు (దారిలో డేటా చెడిందని తనిఖీలో తేలడం) మొత్తం 6 నమోదైతే, ఎక్స్‌పీ ఐడీఈ డ్రైవర్ ఆ డిస్క్‌ను ఒక మెట్టు కింది మోడ్‌కు దించుతుంది. లోపాలు ఆగకపోతే మెట్టు మెట్టుగా పీఐఓ దాకా తెస్తుంది. నెలల తరబడి అప్పుడొకటి అప్పుడొకటిగా వచ్చిన లోపాలు కూడా ఈ లెక్కలో చేరుతాయి. పైగా ఒకసారి దించిన డిస్క్‌ను అది తనంతట తాను మళ్లీ పైకి ఎక్కించదు.

దీనికి విరుగుడు సులువే. డివైస్ మేనేజర్‌లో ఆ ఛానెల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే, విండోస్ దానిని కొత్తగా గుర్తించి డీఎంఏను తిరిగి అమర్చుతుంది. కానీ లోపాలకు మూలం ఏమిటో చూడకుండా ఈ పని చేయడం, జ్వరం తగ్గకముందే థర్మామీటరును విదిలించడం వంటిది.

[తెరపై: 40 తీగల కేబుల్, 80 తీగల కేబుల్ పక్కపక్కన, దగ్గరి నుంచి.]

సీఆర్‌సీ లోపాలకు మూలం చాలాసార్లు కేబులే. రెండు కేబుళ్లకూ కనెక్టర్‌లో 40 పిన్‌ల అమరికే ఉంటుంది కనుక, కనెక్టర్‌ను కాక రిబ్బన్‌ను చూడాలి. తీగలు లావుగా, లెక్కపెట్టగలిగేలా ఉంటే అది 40 తీగలది. సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటే 80 తీగలది. అదనంగా ఉన్న 40 తీగలూ గ్రౌండ్ తీగలే. అవి సిగ్నల్ తీగల మధ్య నిలిచి, ఒకదాని సిగ్నల్ పక్కదానిలోకి చొరబడకుండా చూస్తాయి. అల్ట్రా డీఎంఏ మోడ్ 2 దాటి వెళ్లాలంటే ఈ 80 తీగల కేబుల్ తప్పనిసరి. అది లేకపోతే కొన్ని బోర్డులు ఆన్ చేయగానే 80 కండక్టర్ కేబుల్ లేదన్న సందేశం చూపుతాయి, దానిని ఎవరూ చదవరు.

కేబుల్‌ను తిరగేసి పెట్టినా ఇబ్బందే. నీలం కనెక్టర్ మదర్‌బోర్డుకు, చివరనున్న నలుపు మాస్టర్‌కు (మొదటి డిస్క్), మధ్యనున్న బూడిదరంగుది స్లేవ్‌కు (రెండవ డిస్క్). బోర్డు కేబుల్ రకాన్ని 34వ పిన్ ద్వారా తెలుసుకుంటుంది. నీలం కనెక్టర్‌లోనే ఆ పిన్ గ్రౌండ్‌కు కలిపి ఉంటుంది. డిస్క్ ఒక్కటే ఉంటే దానిని చివరి కనెక్టర్‌కే పెట్టాలి. మధ్యలో పెట్టి చివరను ఖాళీగా వదిలితే, సిగ్నల్ ఆ కొసను తాకి వెనక్కి తిరిగి వచ్చి డేటాను చెడగొట్టవచ్చు.

[తెరపై: స్మార్ట్ విలువల పట్టిక, 199వ వరుస.]

ఇది కేబుల్ తప్పా, డిస్క్ తప్పా అన్నది స్మార్ట్ విలువలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే లెక్కలు, చెబుతాయి. 199వ అంశం సీఆర్‌సీ లోపాల లెక్క. కేబుల్ మార్చిన తరువాత ఈ అంకె సున్నా కాదు, కనుక అది తగ్గిందా అని కాక, పెరగడం ఆగిందా అని చూడాలి. అలా కాక 5 (చెడిపోయి వేరేచోటికి మార్చిన సెక్టార్లు), 197 (చదవలేక అనుమానంలో ఉన్న సెక్టార్లు) అంశాలు పెరుగుతూ ఉంటే చెడిపోతున్నది డిస్కే. అప్పుడు మోడ్‌ను పక్కనపెట్టి ముందుగా డేటాను వేరేచోటికి కాపీ చేసుకోండి.

ఐడీఈ తరువాత వచ్చిన, సన్నని కేబుల్‌తో కలిసే సాటా డిస్క్‌ల విషయంలో ఈ గొడవ తక్కువ. బయోస్‌లో ఐడీఈ మోడ్ ఉంటే, డివైస్ మేనేజర్‌లో కనబడే అల్ట్రా డీఎంఏ మోడ్ 5 పేరుకు మాత్రమే. దానిని చూసి తొందరపడి బయోస్‌లో ఏహెచ్‌సీఐకి (సాటా సొంత పద్ధతికి) మార్చకండి. ముందుగా డ్రైవర్ ఎక్కించకపోతే ఎక్స్‌పీ 7బీ కోడ్‌తో నీలి తెర చూపి ఆగిపోతుంది. వయా వీటీ8237 చిప్ ఉన్న తొలి బోర్డులు సెకనుకు 3 గిగాబిట్ల వేగమున్న సాటా డిస్క్‌ను అసలు గుర్తించకపోవచ్చు. డిస్క్ వెనుక జంపర్ (రెండు పిన్‌లను కలిపే చిన్న తొడుగు) ఉంటే, దానితో వేగాన్ని 1.5 గిగాబిట్లకు పరిమితం చేసి మళ్లీ ఆన్ చేయండి.