వంతెన మీది అమ్మాయి

శ్రోతలకు నమస్కారం.

బ్రిటన్‌లో సెవర్న్ నది మీద ఇంగ్లండ్‌నూ వేల్స్‌నూ కలిపే పెద్ద వేలాడే వంతెన ఉంది. 1966లో దాన్ని ప్రారంభించారు. ఒకసారి ఆ వంతెన మీద టీనేజ్ అమ్మాయి ఒకతె ఒంటరిగా తిరుగుతూ కనిపించింది. పేరేమిటంటే చెప్పలేదు, ఊరేదంటే చెప్పలేదు, అసలు నోరే విప్పలేదు. చేసేది లేక పోలీసులు ఈ పిల్ల ఎవరో తెలిసినవాళ్లు చెప్పండంటూ రేడియోలో ప్రకటన ఇచ్చారు. ఆ ప్రకటన విన్నవాళ్లలో స్టీవ్ హోగార్త్ అనే గాయకుడు ఉన్నారు. విన్నది కాగితం మీద రాసి పెట్టుకున్నారు. తర్వాత కొన్నేళ్లకు ఆ నాలుగు ముక్కల నుంచి 70 నిమిషాలు దాటిన ఆల్బమ్ ఒకటి పుట్టింది. దాని పేరు ‘బ్రేవ్’. 1994లో హోగార్త్ పాడే ఇంగ్లిష్ రాక్ బృందం మారిలియన్ దాన్ని విడుదల చేసింది. ఈ పూట మీతో దాని గురించే మాట్లాడాలని వచ్చాను.

మారిలియన్‌ది నియో ప్రోగ్రెసివ్ రాక్. 1970లలో జెనెసిస్, యెస్ లాంటి బృందాలు ఒక్కో పాటను ఇరవై నిమిషాల దాకా సాగదీసి, కీబోర్డులతో, మారిపోయే తాళాలతో పెద్ద పెద్ద సంగీత రచనలు చేశాయి. ఆ దశాబ్దం చివర్లో పంక్ అనే పొట్టి, దూకుడు రాక్ పాటల ధోరణి వచ్చేసరికి అదంతా పాతబడిపోయిందన్నారు. కానీ 1980ల మొదట్లో కొందరు ఇంగ్లిష్ కుర్రాళ్లు ఆ పద్ధతినే మళ్లీ పట్టుకున్నారు. ఐక్యూ, పెండ్రాగన్, మారిలియన్ అప్పటి బృందాలే. మారిలియన్ 1985లో తెచ్చిన ‘మిస్‌ప్లేస్డ్ చైల్డ్‌హుడ్’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. అప్పటి గాయకుడు ఫిష్ 1988లో వెళ్లిపోయాక, మరుసటి ఏడు హోగార్త్ వచ్చారు.

‘బ్రేవ్’ తయారీకి వాళ్లు ఫ్రాన్స్‌లోని డోర్డోన్ ప్రాంతానికి వెళ్లి, మరువాట్ అనే పాత కోటలో మకాం పెట్టారు. రికార్డు కంపెనీ త్వరగా ముగించమంది. నిర్మాత డేవ్ మీగన్, బృందం కలిసి చాలా నెలలు తీసుకున్నారు. ఆ ఓపిక ఆల్బమ్‌లో వినిపిస్తుంది. పాటకూ పాటకూ మధ్య గీత పెట్టలేం, ఒకటి ఆగకముందే మరొకటి మొదలై ఉంటుంది.

పాటల్లో పెద్ద కథ వినడం మనకు కొత్త కాదు. బుర్రకథలో వంత అడుగుతాడు, కథకుడు విడమరిచి చెబుతాడు. ఇక్కడ అడిగేవాళ్లూ లేరు, చెప్పేవాళ్లూ లేరు. నన్ను పట్టి లాగేది సరిగ్గా అదే. ఆ అమ్మాయికి ఆల్బమ్ మొత్తంలో పేరు లేదు. ఎవరీ పిల్ల అన్న ప్రశ్నతో మనం లోపలికి వెళతాం. కాసేపటికి ఆ ప్రశ్న వదిలేసి, ఈ పిల్ల ఇలా ఎలా మూగబోయింది అని అడగడం మొదలుపెడతాం.

‘లివింగ్ విత్ ద బిగ్ లై’ అనే పాటలో, పుట్టిన దగ్గర్నుంచి మనిషి ఒక్కొక్కదానికీ ఎలా అలవాటు పడిపోతాడో వస్తుంది. చప్పుడుకు అలవాటు, అబద్ధానికి అలవాటు, టీవీలో కనిపించే చావుకు కూడా అలవాటు. వెంటనే ‘రన్‌అవే’. ఇల్లు వదిలి పారిపోయిన పిల్లను పట్టుకుని మళ్లీ అదే ఇంటికి చేరుస్తారు. ఆ ఇంట్లో ఏం జరిగేదో పాట విప్పి చెప్పదు, సూచించి వదిలేస్తుంది. బృందంలోని గిటారిస్టు స్టీవ్ రాథరీ గిటార్ అప్పుడు అందుకుంటుంది. వేగం చూపించుకోవడం ఆయనకు పట్టదు. ఒక్కో స్వరాన్ని నిలబెట్టి, సాగదీసి, మనం భరించగలిగినంత దాకా పట్టుకుంటారు. ఆ పిల్ల చెప్పలేకపోయిన మాట ఆ గిటార్ చెబుతోందని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

మధ్యలో ‘పేపర్ లైస్’ లాంటి గట్టి రాక్ పాటలు కథకు అంతగా అతకవు. అయినా ఆ హోరు తర్వాత ‘బ్రేవ్’ అనే పాట వస్తుంది చూడండి, అక్కడ డ్రమ్స్ దాదాపు ఉండవు, ఐరిష్ తిత్తి బూరా శృతి ఒకటి పొగమంచులా పరుచుకుంటుంది. ఆ నిశ్శబ్దానికి ముందు హోరు ఉండాల్సిందేనేమో.

ఇక ముగింపు. దీని కోసమే ఈ ప్రసంగం ఒప్పుకున్నానంటే అతిశయోక్తి కాదు. వినైల్‌గా, అంటే ముల్లు పెట్టి తిప్పే గ్రామఫోన్ రికార్డుగా, ‘బ్రేవ్’ రెండు రికార్డుల్లో వచ్చింది. అందులో నాలుగో వైపు ఒక గాడి బదులు రెండు గాడులు చెక్కారు, ఒకదాని పక్కన ఒకటి. ముల్లు ఒక గాడిలో పడితే ‘ద గ్రేట్ ఎస్కేప్’ తర్వాత ‘మేడ్ అగైన్’ వస్తుంది. తేలికైన అకూస్టిక్ గిటార్‌తో, తెల్లవారినట్టు ఉండే పాట. ఆ అమ్మాయి బతికింది. రెండో గాడిలో పడితే అదే ‘ద గ్రేట్ ఎస్కేప్’ మరో రూపంలో వినిపిస్తుంది, ఆ పైన నీళ్ల చప్పుడు తప్ప మరేమీ ఉండదు. ఏది వస్తుందో ముల్లు పెట్టేవాళ్లకు కూడా తెలియదు. వంతెన మీద నిలబడిన మనిషిని ఎవరైనా చూస్తారా లేదా అన్నది కూడా ఇంతే కదా! ఒక ప్లాస్టిక్ పళ్లెం మీద చెక్కిన గీతతో అంత మాట చెప్పగలిగారే అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను.

బ్రిటన్ చార్టుల్లో ‘బ్రేవ్’ పదో స్థానం దగ్గరే ఆగింది. పాత విజయంతో పోలిస్తే అది తక్కువే. అయినా ఆ ఏడాది కచేరీల్లో బృందం దీన్ని మొదటి నుంచి చివరి దాకా వాయించింది, 2018లో ఇంగ్లిష్ సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ కొత్తగా మిక్స్ చేశారు.

సీడీలోనూ ఫోన్‌లోనూ మీకు దొరికేది ‘మేడ్ అగైన్’తో ముగిసేదే. రెండో ముగింపు కావాలంటే ‘ద గ్రేట్ ఎస్కేప్’కు ‘స్పైరల్ రీమేక్’ అని వెతకండి. ఒకో రోజు ఒకో పాట చొప్పున వింటే మాత్రం ఇది అందదు. లైట్లు ఆపి, సౌండ్ పెంచి వినమని ఆల్బమ్ అట్ట మీద వాళ్లే రాశారు, అలాగే వినండి. మొదటిసారి ఇంగ్లిష్ మాటలు పట్టుబడకపోతే టెన్షన్ పడకండి. రెండోసారి పాటల సాహిత్యం ఎదురుగా పెట్టుకుని, ‘రన్‌అవే’ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. సెలవు.