వెతుకులాటకూ అనుమతి కావాలి

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లండులో లండన్‌కు దక్షిణంగా సర్రే అనే కౌంటీ ఉంది. అక్కడి లీత్ హిల్ ఎత్తు 294 మీటర్లే అయినా ఆగ్నేయ ఇంగ్లండు మొత్తానికి బాగా ఎత్తయిన చోట్లలో అదొకటి. ఆ కొండ పక్కన కోల్డ్‌హార్బర్ అనే చిన్న ఊరు, దాన్ని ఆనుకుని బరీ హిల్ వుడ్ అనే అడవి. అడవి ప్రభుత్వ ఫారెస్ట్రీ కమిషన్ అధీనంలోది. నడిచేవాళ్లు, సైకిళ్లు తొక్కేవాళ్లు ఎవరైనా వెళ్లొచ్చు. ఆ కొండల అందాన్ని కాపాడటానికి ఒక చట్టం ఉంది. లండన్ విస్తరించి పల్లెల్ని మింగేయకుండా చుట్టూ గీసిన గ్రీన్ బెల్ట్ కూడా ఈ అడవిని కలుపుకునే పోతుంది. ఇన్ని కాపలాల మధ్య చమురు కోసం ఒక బావి తవ్వొచ్చా? ఈ తగువు దాదాపు పదేళ్లు నడిచింది.

ముందు ఒక సంగతి. బ్రిటన్‌లో భూమి ఎవరిదైనా, కింద ఉన్న చమురు మాత్రం రాజ్యానిదే. 1934లో చేసిన చట్టం అది. కాబట్టి కంపెనీ మొదట ప్రభుత్వం దగ్గర లైసెన్సు తెచ్చుకోవాలి. తర్వాత స్థానిక కౌన్సిల్ నుంచి ప్లానింగ్ అనుమతి. ఆపైన, రిగ్గు నిలబెట్టే నేల యజమానితో లీజు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా పని ముందుకు సాగదు.

యూరోపా ఆయిల్ అండ్ గ్యాస్ అనే కంపెనీ 2008లో సర్రే కౌంటీ కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టింది. ఒక్క బావి, అదీ తాత్కాలికం, చమురు ఉందో లేదో చూసుకోవడానికి మాత్రమే అంది. 2011లో కౌన్సిల్ కుదరదంది. కంపెనీ అప్పీలుకు వెళ్తే 2012లో విచారణాధికారి కూడా కొట్టేశారు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. గ్రీన్ బెల్ట్‌లో మామూలుగా నిర్మాణాలు కూడదు. ఖనిజం తవ్వకానికి మాత్రం నిబంధనల్లో కొంత వెసులుబాటు ఉంది. ఖనిజం ఉన్నచోటే కదా తవ్వగలం! మరి ఆ వెసులుబాటు, ఖనిజం ఉందో లేదో వెతకడానికి కూడా వర్తిస్తుందా? వర్తించదన్నది విచారణాధికారి అభిప్రాయం. అలా అయితే కంపెనీ చాలా ప్రత్యేకమైన కారణాలు చూపించాలి. అవి ఆయనకు సరిపోలేదు. 2013లో హైకోర్టు దీన్ని తిరగదోడింది. తవ్వకంలో వెతుకులాట కూడా భాగమేనంది. 2014లో అప్పీలు కోర్టు అదే ఖాయం చేసింది. తర్కంగా చూస్తే తీర్పులో తప్పు పట్టడం కష్టం. తీసేవాడికి ఉన్న సౌకర్యం వెతికేవాడికి లేదంటే వింతగానే ఉంటుంది. కానీ ఊరివాళ్లకు ఈ తర్కంతో పనేముంది? వాళ్ల బాధ రోడ్డు.

కోల్డ్‌హార్బర్‌కు వెళ్లే దారి చాలా ఇరుకు. శతాబ్దాల తరబడి బళ్లు నడిచి నడిచి దారి గట్ల మధ్య లోతుగా దిగిపోయింది. రెండు పక్కలా గట్టు మీది చెట్ల వేళ్లు బయటికి తేలి ఉంటాయి. ఎదురుగా కారొస్తేనే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాలి. ఆ దారిలో డ్రిల్లింగ్ సామాను మోసే లారీలు పోతే గట్టు ఏమవుతుంది, చెట్టు ఏమవుతుందన్నది వాళ్ల టెన్షన్.

మళ్లీ విచారణ జరిగింది. 2015 ఆగస్టులో కొత్త విచారణాధికారి షరతులతో అనుమతి ఇచ్చారు. న్యాయపరంగా కంపెనీ గెలిచినట్టే. కొందరు నిరసనకారులు అడవిలోనే మకాం పెట్టారు. కోర్టు ఉత్తర్వు తెచ్చి 2017లో వాళ్లను ఖాళీ చేయించారు. ఇక రిగ్గు రావడమే తరువాయి అనుకున్నారు.

రాలేదు. 2018లో పర్యావరణ శాఖ మంత్రి మైకేల్ గోవ్ హయాంలో ప్రభుత్వం ఆ నేల లీజు పొడిగించబోమంది. కోర్టుల్లో ఏళ్ల తరబడి నెగ్గుకొచ్చిన అనుమతి, కాలు పెట్టడానికి జాగా లేక కాగితం మీదే మిగిలింది. నాకు ఇందులో కాస్త ఇబ్బందిగా తోచే సంగతి ఒకటుంది. అడవిని చివరికి నిలబెట్టింది ప్లానింగ్ చట్టం కాదు, భూస్వామి హోదాలో ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం. అదే అడవి ప్రైవేటు మనిషిదై, ఆయనకు అద్దె ముద్దైతే?

అదే సర్రేలో హార్స్ హిల్ అనే చోట మరో కేసు నడిచింది. అక్కడ వెతుకులాట దశ దాటి చమురు తీయడానికే 2019లో కౌన్సిల్ అనుమతిచ్చింది. పర్యావరణ నివేదికలో బావి దగ్గర వెలువడే పొగ లెక్క ఉంది గానీ, తీసిన చమురును తర్వాత మండిస్తే వచ్చే ఉద్గారాల లెక్క లేదు. స్థానికురాలు ఒకరు కోర్టుకెళ్లారు. 2024 జూన్ 20న బ్రిటన్ సుప్రీంకోర్టు ముగ్గురు, ఇద్దరుగా చీలి ఆమె పక్షాన తీర్పిచ్చింది. మండించే లెక్క కూడా చూపించి తీరాలంది. అనుమతి చెల్లకుండా పోయింది.

అయితే ఇది చమురు తీసే బావికి సంబంధించిన తీర్పు. లీత్ హిల్‌లో తవ్వాలనుకున్నది వెతికే బావి. వెతికేది తీయడానికేనని అందరికీ తెలుసు. అనుమతుల దగ్గర మాత్రం మొదటి బావిని మొదటి బావిగానే చూస్తారు. రెండో అడుగు సంగతి రెండో దరఖాస్తులో తేలుతుందంటారు. అప్పటికి చెట్లు కొట్టి చదును చేయడం, దారి వేయడం అయిపోయి ఉంటాయి. ఈ రెండు దశల్నీ మొదట్లోనే కలిపి అడిగే హక్కు ఊరివాళ్లకు ఉండాలని నా అభిప్రాయం.

నమస్కారం.