మేగన్ ఈజ్ మిస్సింగ్: ఆఖరి 22 నిమిషాల మీద మా గదిలో గొడవ

అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు 'మేగన్ ఈజ్ మిస్సింగ్' సినిమా గురించి. పక్కన పిల్లలుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఇందులో ఆడపిల్లల కిడ్నాప్ ఉంది, చాలా హింస ఉంది. ఆ హింసను నేను వర్ణించను. కథ మాత్రం చివరిదాకా చెప్తాను, లేకపోతే మా గొడవ ఎందుకు వచ్చిందో మీకు తెలియదు.

పోయిన శనివారం బైరాగిపట్టెడలో ఫ్రెండ్ గదిలో ఏడుగురం కలిసి చూశాం. సినిమా అయ్యేసరికి రాత్రి పదిన్నర. ఒంటిగంట వరకు ఎవరూ ఇంటికి పోలేదు. కింద టీ అంగడి మూసేశాక కూడా దాని ముందరే నిలబడి వాదించుకుంటున్నాం.

కథ ఇది. లాస్ ఏంజిలెస్ వైపు ఇద్దరు స్నేహితురాళ్లు. మేగన్‌కు 14 ఏళ్లు, ఎమీకి 13. మేగన్ బడిలో అందరికీ ఇష్టమైన పిల్ల, ఎమీ బిడియస్తురాలు. మేగన్‌కు ఆన్‌లైన్‌లో జాష్ అనే అబ్బాయి పరిచయమవుతాడు. వెబ్‌క్యామ్ పాడైందంటాడు. అతని గొంతు వినబడుతుంది, ముఖం కనబడదు. వీళ్ల ముఖాలు మాత్రం అతనికి కనబడుతూనే ఉంటాయి. ఒక రోజు మేగన్ అతన్ని కలవడానికి వెళ్తుంది. ఇక తిరిగి రాదు. కొన్నాళ్లకు ఎమీ కూడా కనిపించకుండా పోతుంది. పోలీసులకు చెత్తకుండీలో ఎమీ వీడియో కెమెరా దొరుకుతుంది. అందులో ఉన్నదే ఆఖరి 22 నిమిషాలు.

సినిమా మొత్తం చాటింగ్ రికార్డింగులు, చేతి కెమెరా వీడియోలు, టీవీ వార్తల రూపంలోనే నడుస్తుంది. దీన్ని ఫౌండ్ ఫుటేజ్ అంటారు. అందుకే మాలో ఒకతను చాలాసేపు ఇది నిజంగా జరిగిందే అనుకున్నాడు. జరగలేదు, వాళ్లు నటీనటులే. దర్శకుడు మైకేల్ గోయ్ అసలు సినిమాటోగ్రాఫర్. 2006లో చాలా తక్కువ డబ్బుతో తీశాడు, 2011లో బయటికొచ్చింది. 2020 నవంబర్‌లో టిక్‌టాక్‌లో ఒక్కసారిగా మళ్లీ లేచింది. సినిమా చూసి ఏడుస్తున్న తమ ముఖాలను కుర్రవాళ్లు వీడియోలు తీసి పెట్టారు. అప్పటికి మన దేశంలో టిక్‌టాక్ నిషేధించి నెలలవుతోంది, అయినా ఆ పేరు మన దాకా వచ్చేసింది. అప్పుడు దర్శకుడే ఒక వీడియోలో హెచ్చరించాడు. అర్ధరాత్రి చూడొద్దు, ఒంటరిగా చూడొద్దు, తెర మీద 'ఫోటో నంబర్ వన్' అనే మాట కనబడితే ఆపేయడానికి మీకు నాలుగు సెకన్లే ఉంటాయి అని. ఆయన మంచికే చెప్పి ఉంటాడు. కానీ పదహారేళ్ల కుర్రాడికి అట్లా చెబితే ఆపుతాడా? ఆ నాలుగు సెకన్ల కోసమే కాచుకుని కూర్చుంటాడు.

ఇక మా గొడవ. ఎస్వీయూలో పీజీ చేస్తున్న తమ్ముడొకడున్నాడు, హారర్ అంటే ప్రాణం. మొదటి గంటంతా నస, నటన కూడా అంతంత మాత్రం, చివర్లోనే అసలు సినిమా ఉంది అన్నాడు. "భయపెట్టడం దీని పని. పెట్టింది. ఇంకేం కావాలన్నా?" అని అడిగాడు.

టెన్త్ పిల్లలకు ట్యూషన్ చెప్పే అక్క ఒకామె వచ్చింది. ఆమె మాట వేరు. "నోటితో ఎన్నిసార్లు చెప్పినా మా పిల్లలు వినరు. ఈ సినిమా ఒక్కసారి చూపిస్తే చాలు, జన్మలో ముఖం తెలియనివాడితో మాట్లాడరు. నేను చూపిస్తాను" అంది. ఆఖరి భాగం మధ్యలోనే లేచి బయటికి వెళ్లిపోయిన మనిషి ఆమె భర్తే. ఆయన మెట్ల మీద కూర్చుని ఒకే మాట అన్నాడు. "ఆ పాప అట్లా ఏడుస్తా ఉంటే కూర్చుని చూసేదానికి మనమెవరు?"

భార్యాభర్తల మధ్య వచ్చిన ఈ తేడానే ప్రపంచంలోనూ వచ్చింది. న్యూజిలాండ్ సెన్సార్ వాళ్లు 2011లో ఈ సినిమాను పూర్తిగా నిషేధించారు. మైనర్ పిల్లల మీద హింసను చూపించిన తీరే కారణం. మరోపక్క మార్క్ క్లాస్ అనే తండ్రి దీన్ని సమర్థించాడు. 1993లో కాలిఫోర్నియాలో ఆయన కూతురు పాలీని ఇంట్లోంచి ఎత్తుకుపోయి చంపేశారు. ఆ పాపకు 12 ఏళ్లు. అలాంటి తండ్రి సమర్థిస్తే కాదనడానికి నాకు నోరు రాదు. అందుకే రెండు రోజులు ఈ వీడియో చెయ్యలేకపోయాను.

మూడో రోజు మళ్లీ పెట్టుకుని చూశాను. అప్పుడు నాకొకటి పట్టుబడింది. మొదటి గంటలో కెమెరా ఆ పిల్లల చేతుల్లోనే ఉంటుంది. వాళ్ల గది, వాళ్ల నవ్వులు, వాళ్ల గొడవలు, వాళ్లు చూపించాలనుకున్నవే మనం చూస్తాం. ఆఖరి 22 నిమిషాల్లో అదే కెమెరా ఆ జాష్ చేతికి పోతుంది. ఎమీ ఎంతో ఇష్టంగా వీడియో డైరీ తీసుకున్న కెమెరా అది. ఇక అక్కడి నుంచి వాడు చూసిందే మనం చూడాలి, వాడు ఎంతసేపు చూస్తే అంతసేపు. ఆ పిల్ల ఎక్కడ నిలబడిందో మనం అక్కడ లేము. వాడి పక్కన నిలబడ్డాం. మెట్ల మీదికి పోయి కూర్చున్న ఆయనకు అదే ఊపిరాడనివ్వలేదని నాకు అనిపిస్తోంది. నేను ఆయన పక్షమే.

తమ్ముడితో నాకు పేచీ రక్తం గురించి కాదు. మొదటి గంట నస అన్నాడే, అక్కడే. ఈ సినిమాలో పనికొచ్చేదంతా ఆ గంటలోనే ఉంది.

మన ఊళ్లో పిల్ల తప్పిపోవడమంటే మనసులో మెదిలేది వేరు. నాకు ఐదేళ్లప్పుడు కొండ మీద కళ్యాణకట్ట దగ్గర తప్పిపోయాను. చుట్టూ అందరికీ గుండ్లే. మా నాన్నకూ గుండే. ఎవరిని చూసినా నాన్నలాగే ఉన్నారు, ఎవరూ నాన్న కాదు. ఎవరో పెద్దావిడ నా చేయి పట్టుకుని తీసుకుపోయి మైకులో నాన్న పేరు చెప్పించింది. ఇప్పటికీ కొండ మీద మైకులో 'తప్పిపోయిన బాలుడు' అని వినబడితే కాలు ఆగిపోతుంది. అందుకే మనం పిల్లల చేయి గట్టిగా పట్టుకుంటాం, జాతరలో, బస్టాండులో, క్యూలో. ఈ సినిమాలో పిల్ల జనంలో తప్పిపోలేదు. తన గదిలో, తన మంచం మీద కూర్చుని రోజుకు కొంచెం కొంచెంగా తప్పిపోయింది. అమ్మ పక్క గదిలో ఉండగానే. వెబ్‌క్యామ్ పాడైందన్న చిన్న అబద్ధం, తర్వాత రెండు తీపి మాటలు, ఒకరోజు అలగడం. చూస్తుంటే ఏమీ జరుగుతున్నట్టే ఉండదు. అది నస కాదు తమ్ముడూ, నిజంగా కూడా అట్లాగే జరుగుతుంది.

అక్కకు కూడా ఒక మాట. టెన్త్ పిల్లలకు ఈ సినిమా చూపించొద్దక్కా. వాళ్లు రాత్రిళ్లు నిద్ర లేక భయపడతారు, అంతే. రేపు ఎవడైనా బెదిరిస్తే మన దగ్గరికి రావడానికి కూడా భయపడతారు. మా చెల్లెలి కూతురు ఎనిమిదో తరగతి. దానికి సినిమా చూపించలేదు. కెమెరా పాడైందని చెప్పే అబ్బాయి కథ మాత్రం అన్నం తినేటప్పుడు చెప్పాను. కాసేపు మెతుకులు కెలికి, "మామా, మా క్లాసులో ఒకమ్మాయికి కూడా అట్లాంటి ఫ్రెండ్ ఉన్నాడు" అంది. తిట్టలేదు, ఫోన్ లాక్కోలేదు. మర్నాడు మా చెల్లెలు పోయి ఆ పాప వాళ్లమ్మతో మాట్లాడింది. ఆ వివరాలు ఇక్కడ చెప్పకూడదు.

మీ ఇంట్లో ఇలాంటిది బయటపడితే మూడు నంబర్లు రాసి పెట్టుకోండి. పిల్లల సాయానికి 1098, ఆన్‌లైన్ మోసాలకు 1930, పిల్ల అప్పటికే కనబడకుండా పోతే ఒక్క గంట కూడా ఆగకుండా 112.

సినిమా చూడాలనుకునే పెద్దవాళ్లు చూడండి. చెత్తకుండీలో కెమెరా దొరికే దగ్గర ఆపేయండి. రెండోసారి నేను అక్కడే ఆపేశాను.