కూల్చాలా, బాగుచేయాలా? చువ్వను అడగండి

సభకు నమస్కారం.

పాత ఆఫీసు భవనంలో పెచ్చులూడిన స్లాబును కింద నుంచి చూసి 'ఇక కూల్చడమే' అనేవాళ్లూ, దానిమీద సిమెంటు పూయించి రంగు వేయించి ఊరుకునేవాళ్లూ చేసేది ఒకే పొరపాటు. ఇద్దరూ లోపలి చువ్వను చూడలేదు. ఆఫీసు ఎన్నేళ్ల నాటిదన్నది పక్కన పెట్టి, చువ్వకు తుప్పు ఎందుకు పట్టిందో తేల్చండి.

మంచి కాంక్రీటు పీహెచ్, అంటే క్షారగుణాన్ని చూపే అంకె, 12 దాటి ఉంటుంది. ఆ క్షారమే చువ్వకు కాపలా. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి ఇంకి దాన్ని 9 దాకా దించేస్తుంది. ఆపైన తేమ తగిలితే తుప్పే. తుప్పుకు ఇనుముకన్నా రెండింతలకు మించి చోటు కావాలి, అందుకే పెచ్చు ఎగిరిపోతుంది. అప్పుడే పగలగొట్టిన చోట ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లండి. గులాబీ రంగు వస్తే క్షారం ఉన్నట్టు. రంగు రాని పొర చువ్వ దాకా చేరిందేమో కొలవండి.

ఈ రకం తుప్పుకు మరమ్మతు నిలుస్తుంది. ఉప్పుగాలి వల్లో ఉప్పు ఇసుక వల్లో ఉప్పులోని క్లోరైడ్ చేరితే మాత్రం కష్టం: ఒకచోట అతుకు వేస్తే దాని అంచు పక్కనే కొత్త తుప్పు మొదలవుతుంది. వేర్వేరు లోతుల్లో డ్రిల్లు పొడి తీసి పరీక్షకు పంపాలి. కింది అంతస్తు పిల్లర్లన్నిటా క్లోరైడే తేలితే, లేదా పునాది ఇంకా కుంగుతూనే ఉంటే, నేను కూల్చివేత వైపే మొగ్గుతాను.

కాంక్రీటు పైపొరను కొట్టి బలం అంచనా కట్టే రీబౌండ్ హామర్ అంకెనే నమ్మకండి. కార్బన్ డయాక్సైడ్ ఇంకిన పైపొర గట్టిపడి, లేని బలాన్ని చూపిస్తుంది. కోర్లు, అంటే కాంక్రీటు లోపలి నుంచి కోసిన గుండ్రటి ముక్కలు, తీయాల్సిందే. మూడు కోర్ల సగటు డిజైన్ బలంలో 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75కు తగ్గకూడదు.

చువ్వ మందం కూడా కొలవాలి. 16 మిల్లీమీటర్లది 14కు సన్నబడితే రెండే కదా అనిపిస్తుంది, కానీ దాదాపు నాలుగో వంతు ఇనుము పోయినట్టే. పక్కన కొత్త చువ్వ కట్టాలి. చువ్వ వెనక కూడా 20 మిల్లీమీటర్లు చెక్కి, తుప్పు పూర్తిగా వదిలించాకే కొత్త మోర్టారు. అంతకన్నా ముందు, పైన పైపు కారుతుంటే దాన్ని బాగుచేయాలి.

పరీక్షల ఫలితాలకు వారాలు పడుతుంది. ఈలోగా రికార్డు గది ఖాళీ చేయించండి. ఆఫీసు స్లాబును సాధారణంగా చదరపు మీటరుకు 250 నుంచి 400 కిలోల బరువుకు కడతారు. రెండు మీటర్ల ఎత్తున కిక్కిరిసిన ఫైళ్లు చదరపు మీటరుకు టన్ను దాటతాయి. పగుళ్లున్న బీముల కింద ఈరోజే జాకీలు పెట్టించి, ఆ బీముల కింద కూర్చునేవాళ్లను వేరే గదికి మార్చండి.