ఏడాది గాలం లెక్క: కిలో బొచ్చ నాకెంత పడింది?

నమస్తే అండి. మీరు చూస్తున్నది సుంకేసుల బ్యారేజీ దగ్గర తుంగభద్ర ఒడ్డు. తెల్లారి ఆరున్నర అయింది. నా చేతిలో ఉన్నది పోయిన ఏడాది మీ ముందే అట్టపెట్టె విప్పి చూపించిన రాడ్డే. ఈ రోజు కొత్తది ఏదీ విప్పను. ఈ నోట్‌బుక్ విప్పుతా.

ఈ నోట్‌బుక్‌కు కారణం మా అమ్మ. ఒకరోజు రెండు జెల్లలు పట్టుకుని మహారాజులా ఇంటికెళ్లా. ఆమె వాటిని ఒకసారి, నా చెప్పుల మీది బురదను ఒకసారి చూసి, "మార్కెట్లో ఇన్నూరుకు కిలో బొచ్చ వస్తాదే, నీ గాలానికి ఎంత పెడుతున్నావు నాయినా?" అంది. నాకు జవాబు తెలీదు. మర్నాడే కిరాణా కొట్టులో పది రూపాయల నోట్‌బుక్ కొని ప్రతి ఖర్చూ రాయడం మొదలుపెట్టా. నిన్నటికి సరిగ్గా పన్నెండు నెలలు.

ముందు సామాన్లు. ఇది ఏడు అడుగుల ఫైబర్ రాడ్. దీనితో పాటు వచ్చిన రీల్‌తో కలిపి 2,300 పడింది. రాడ్ గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. కొన దగ్గర దారం తిరిగే రింగ్‌లో సెరామిక్ కాస్త గీసుకుపోయింది, అంతే. రీల్ సంగతి వేరు. కెమెరా దగ్గరికి తెస్తా, చూడండి. ఈ వంపు తీగను బెయిల్ అంటారు. గాలం విసిరేటప్పుడు దీన్ని తెరిచి పెడతాం, హ్యాండిల్ తిప్పితే తనంతట తనే మూసుకుంటుంది. లోపల చిటికెనవేలి గోరంత స్ప్రింగ్ ఒకటి ఉంటుంది. నాలుగో నెలలో అది విరిగింది. అప్పట్నుంచి విసిరే మధ్యలోనే బెయిల్ టప్పున మూసుకోవడం, దారం ఠక్కున తెగడం, ఎర, సీసం, కొక్కెం అన్నీ కలిసి అవతలి ఒడ్డు వైపు ఎగిరిపోవడం. కొన్న చోటికి తీసుకెళ్తే "నీళ్లు తగిలినాయి సార్, వారంటీ రాదు" అన్నారు. చేపలు పట్టే రీల్‌కు నీళ్లు తగలకుండా ఎట్లా పట్టాలో వాళ్లే చెప్పాలి. చేసేది లేక విడిగా ఇంకో రీల్ కొన్నా, 1,900. ఇది ఎనిమిది నెలలుగా ఒక్క మాట అనలేదు. ఒకటే చెప్తా. రాడ్‌లో పొదుపు చేయండి, రీల్‌లో చేయకండి.

నైలాన్ దారం రెండు చుట్టలు, అల్లిక దారం ఒకటి కలిపి 950. కొక్కేలు, సీసపు గుండ్లు, దారం మెలిపడకుండా తిరిగే స్వివెల్లు, నీళ్ల మీద తేలే బెండ్లు కలిపి 1,140. వీటిలో సగం సుంకేసుల రాళ్లలోనే ఉన్నాయి. కొరమీను కోసం రబ్బరు కప్పలు నాలుగు తీసుకున్నా, ఒక్కోటి 300, మొత్తం 1,200. మూడు తామరాకుల్లో చిక్కుకుని పోయాయి. నాలుగోది ఇదిగో, ఒక కాలు లేదు. దీన్ని ఏ కొరమీను కొరికిందో గానీ నాకు మాత్రం చిక్కలేదు.

ఎర దగ్గర కాసేపు ఆగుతా, ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. డబ్బాల్లో వచ్చే రెడీమేడ్ ఎర రెండుసార్లు కొని మానేశా. ఇప్పుడు నేను వాడేది వేరుశనగ చెక్క, మనం బుడ్డల చెక్క అంటామే అది, తవుడు, కొంచెం మైదా, కొంచెం రాగి సంగటి. అవును, రాత్రి మిగిలిన సంగటే. అది నీళ్లలో తొందరగా విడిపోదు, అదే దాని గొప్ప. ఇంకొకటి, మీకు ఏ చేప కావాలో ముందు తేల్చుకోండి. బొచ్చ నోరు పైకి తిరిగి ఉంటుంది. అది పై నీళ్లలో తేలేది తాగినట్టు మింగే రకం. దానికి ఎర అడుగున పెడితే రోజంతా కూర్చోవాల్సిందే. రోహు నడిమి నీళ్లలో తిరుగుతుంది. మోసు అడుగున బురద కెలుకుతుంది. అందుకే బెండు కింద దారం పొడవు మార్చుకోవాలి. ఈ ముక్క తెలియడానికి నాకు తొమ్మిది ఖాళీ ట్రిప్పులు పట్టాయి. ఎర ఖర్చు ట్రిప్పుకు సగటున 60, మొత్తం 38 ట్రిప్పులకు 2,280.

ఇప్పుడు అసలు దొంగ ఎవరో చూడండి. పెట్రోల్! కర్నూలు నుంచి ఇక్కడికి రానుపోను యాభై అరవై కిలోమీటర్లు. లీటరు నూట పది రూపాయల దగ్గర ఉంది. ట్రిప్పుకు 120 వేసుకున్నా, 4,560. దీనికి తోడు టీలు, ఇడ్లీ, ఎండకు తట్టుకోలేక తాగిన సోడాలు, 2,660. రెండూ కలిపితే 7,220. రాడ్, రెండు రీళ్లు కలిపినా 4,200 దాటలేదు కదా. నేను సామాన్ల వీడియోలు చేస్తూ కూర్చున్నా, డబ్బు మాత్రం బంకులో, టీ కొట్టులో పోయింది.

ఐదుసార్లు ఒక చెరువు పాటదారుకు రాడ్‌కు 200 చొప్పున కట్టా, 1,000. ఇది కొత్తవాళ్లు గుర్తు పెట్టుకోండి. మన ఊరి చెరువు కదా అని దిగిపోకండి. చెరువును మత్స్యకారుల సంఘమో, పాటదారో తీసుకుని ఉంటారు. పిల్లల్ని కొని వదిలి, ఏడాది కాచుకున్న చేప అది. అడిగి వెళ్తే చాలామంది ఒప్పుకుంటారు. అడక్కుండా వెళ్తే రాడ్ లాక్కుంటారు, తప్పు కూడా మనదే. రిజర్వాయర్లలో అయితే లైసెన్సు మీద వల వేసి బతికేవాళ్లు ఉంటారు. వాళ్ల వలల మీదుగా గాలం విసరకండి.

మొత్తం 17,990. దీనికి వచ్చింది ఎంత? 38 ట్రిప్పుల్లో 17 సార్లు ఉత్త చేతులే. మిగతా వాటిలో ఇంటికి తెచ్చింది 26 కిలోలు. అమ్మ చెప్పిన ఇన్నూరు లెక్కన 5,200 విలువ. అంటే నేను తిన్న చేప కిలో నాకు దాదాపు 690 పడింది. ఈ మాట అమ్మకు ఇంకా చెప్పలేదు. ఈ వీడియో ఆమె చూడదనే ధైర్యంతో చెప్తున్నా.

అదిగో, ఆ రాయి మీద కూర్చున్న తాతను చూపిస్తా, ముఖం వద్దన్నాడు కాబట్టి వెనక నుంచే. వెదురు బొంగు, నాలుగు మీటర్ల దారం, నెమలి ఈక కాడతో బెండు, డబ్బాలో ఎర్రలు. ఏడాదికి కొక్కేలు, దారం కలిపి నూటయాభై దాటదంటాడు. నడిచి వస్తాడు కాబట్టి పెట్రోల్ లేదు. బాగా పడిన రోజు రోడ్డు పక్కన నాలుగు వందల దాకా అమ్ముకుంటాడు. చేప లాగితే మోగాలని నా రాడ్‌కు కట్టిన గంటను మొదటిసారి చూసినప్పుడు "ఆ గంట ఏంటికప్పా? కండ్లు కనపడవా?" అన్నాడు. ఆ రోజు ఆయన సంచిలో పదకొండు జెల్లలు, నా సంచిలో నీళ్ల బాటిల్.

సరే, "పోటీల్లో డబ్బు వస్తుంది కదా" అంటారు. నేనూ అట్లే అనుకున్నా. రెండు పోటీలకు వెళ్లా. మొదటిది దగ్గర్లోనే ఒక చెరువు మీద. మనిషికి 500, వచ్చినవాళ్లు 42 మంది. అంటే 21,000 పోగైంది. బహుమతులు 8,000, 4,000, 2,000, కలిపి 14,000. మిగతా ఏడు వేలు షామియానాకు, భోజనాలకు, చెరువు పాటదారుకు. గెలిచినవాడి చేతిలో పడింది మనందరి ఐదు వందలే. బయటి నుంచి ఒక్క రూపాయి రాలేదు. నాకు మూడో బహుమతి వచ్చింది, మూడు చేపలు కలిపి 5 కిలోల 400 గ్రాములు. కానీ ఆ కాటా దగ్గర జరిగింది మీరు చూడాల్సింది. వేలాడదీసే చిన్న ఎలక్ట్రానిక్ కాటా. ఒకాయన చేపల్ని తడి గోనెసంచిలో పెట్టి తగిలించాడు. "సంచి బరువు తీసెయ్యండి" అంటే "పొడి సంచి 200 గ్రాములే కదా, తీసేశాం" అన్నారు. నీళ్లు తాగిన గోనెసంచి ఎంత ఉంటుందో గోనెసంచి మోసినవాడికి తెలుసు. అరగంట అరుపులు. చివరికి ఆయనకే రెండో బహుమతి ఇచ్చారు.

ఇంత చిన్న సొమ్ముకే ఇట్లా ఉంటే, పెద్ద సొమ్ము ఉన్నచోట? 2022 సెప్టెంబరులో అమెరికాలో, ఈరీ సరస్సు మీద వాల్ఐ అనే చేపల పోటీ. గెలిచారనుకున్న ఇద్దరి చేపలు చూడ్డానికి ఉన్న సైజు కంటే చాలా బరువు తూగాయి. నిర్వాహకుడు అందరి ముందే కత్తితో కోశాడు. కడుపులో సీసపు గుండ్లు! బరువుకు తోడు వేరే చేపల ముక్కలు కూడా కుక్కారు. 28 వేల డాలర్ల పైన బహుమతి పోయింది, తర్వాతి ఏడాది కోర్టు ఇద్దరికీ పది రోజుల జైలు వేసింది, పోటీకి వాడిన పడవ కూడా పోయింది. మన గోనెసంచి ఆయన దేవుడు అనిపించింది నాకు.

అక్కడ డబ్బు మాత్రం నిజంగానే ఉంది. బాస్ చేపల పోటీల్లో పెద్దది బాస్‌మాస్టర్ క్లాసిక్. 1971లో మొదటిసారి పెట్టినప్పుడు బహుమతి 10,000 డాలర్లు. ఇప్పుడు 3 లక్షల డాలర్లు, మన లెక్కలో రెండున్నర కోట్లు. కానీ దాని వెనక ఖర్చు చూడండి. ఆ స్థాయిలో ఏడాదంతా ఆడాలంటే ఎంట్రీ ఫీజులే పదుల వేల డాలర్లు. పడవ, దాన్ని లాగే బండి, హోటళ్లు వేరు. స్పాన్సర్ లేకపోతే గెలిచే ముందే అప్పులపాలు. సముద్రంలో అయితే ఇంకా ఘోరం. 2023లో నార్త్ కరోలినాలో బిగ్ రాక్ పోటీలో ఒక పడవవాళ్లు 619 పౌన్ల, అంటే దాదాపు 280 కిలోల బ్లూ మార్లిన్ లాగారు. ఒడ్డుకు తెచ్చాక చూస్తే సొరచేప కొరికిన గాటు ఉంది. గాయపడ్డ చేప లెక్కలోకి రాదని రూల్. 35 లక్షల డాలర్లు పోయాయి. నా కప్ప కాలు గుర్తొచ్చింది.

ఆ బాస్ పోటీల్లో 1972 నుంచే చేపను బతికించి నీళ్లలో వదిలే పద్ధతి ఉంది, చచ్చిన చేపకు బరువు తగ్గిస్తారు. మన దగ్గర వదలడం కుదరదు. ఆ చేప పాటదారుది, తూకం అయ్యాక ఆయన ట్రేలోకి పోతుంది. కావాలంటే కొనుక్కోవాలి. నేను పట్టిన చేప నేనే కొనుక్కున్నా, కిలో 150.

నా పోటీల లెక్క చెప్పేస్తా. రెండో పోటీ అనంతపురం వైపు, ఫీజు 1,000. అక్కడ నాకు బెండు కూడా కదల్లేదు. రెండు ఫీజులు 1,500, ప్రయాణాలు, తిండి 1,100. ఖర్చు 2,600, వచ్చింది 2,000.

అన్నీ కలిపితే ఏడాదికి 20,590 పెట్టా. చేపల విలువ, బహుమతి తీసేస్తే చేతి నుంచి పోయింది 13,390. నెలకు పదకొండు వందల పైన. యూట్యూబ్ సంగతి అడగొద్దు. యాడ్‌ల డబ్బు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటలు జనం చూసి ఉండాలి. ఇంకా అంత దూరం రాలేదు. వచ్చినా, వంద డాలర్లు నిండే దాకా బ్యాంకులో పడవు.

మరి కొత్తవాళ్లకు నేనేం చెప్తా? మొదటి మూడు నెలలు తాత పద్ధతి. బొంగు, దారం, ఎర్రలు, మీ ఇంటికి దగ్గరున్న నీళ్లు. ఈ మూడు నెలలూ పొద్దున్నే లేవగలిగితే అప్పుడు 1,500 దాటిన రీల్ కొనండి. కొన్న రోజే డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగితే రీల్ దారం వదిలే బిగింపు, సరిచూసుకోండి. దారం కొసను స్ప్రింగ్ కాటాకు కట్టి రాడ్‌తో లాగండి. పది కిలోల బరువు తట్టుకునే దారం అయితే రెండున్నర, మూడు కిలోల దగ్గర రీల్ దారం వదలాలి. వదలకపోతే పెద్ద బొచ్చ మొదటి ఊపుకే తెంపుకుపోతుంది. నావి రెండు అట్లే పోయాయి, ఒకటి కాళ్ల దగ్గరికి వచ్చాక. బ్యారేజీ గేట్లు ఎత్తుతున్నారని తెలిస్తే మాత్రం సామాన్లు వదిలేసైనా ఒడ్డెక్కండి.

రాడ్‌కు ఐదుకు నాలుగు, మొదటి రీల్‌కు ఒకటి, రెండో రీల్‌కు నాలుగున్నర, సంగటికి ఐదుకు ఐదు. పోటీలకు మార్కులు వేయను, ఎందుకంటే ఆ చెరువు మీద వచ్చే నెల మళ్లీ పెడుతున్నారు, నేను ఐదు వందలు కట్టేశా. ఈసారి స్ప్రింగ్ కాటా నా బ్యాగులోనే ఉంటుంది, ఒక పొడి సంచి కూడా.