ఆరు ఇటుకలు, ఒక కథ

[దృశ్యం: చెక్క బల్ల మీద ఆరు ఎర్ర లెగో ఇటుకలు. పక్కన రూళ్ళ నోట్‌బుక్, పెన్సిల్.]

ఈ ఆరు లెగో ఇటుకల్ని చూడండి, ఒకదానికొకటి అతుక్కునే ప్లాస్టిక్ ఆట ఇటుకలు. అన్నీ ఒకే రంగు, ఒకే సైజు. ఒక్కోదాని మీద ఎనిమిది బొడిపెలు. వీటిని ఎన్ని రకాలుగా అతికించవచ్చో మనసులో ఒక అంకె అనుకోండి.

[తెర మీద: 91,51,03,765]

రెండు ఇటుకలైతే 24 రకాలు, మూడైతే 1,060. ఆరుకి వచ్చేసరికి 91 కోట్లు దాటిపోయింది! చాలా ఏళ్ళు లెగో కంపెనీ వాళ్ళు కూడా 10 కోట్ల 29 లక్షల పైచిలుకు అనే చెప్పేవారు. ఆరింటినీ ఒకదాని మీద ఒకటి ఆరంతస్తులుగా పేర్చే పద్ధతులే వాళ్ళు లెక్కపెట్టారు. పక్కలకు విస్తరించేవి వదిలేశారు. కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే సోరెన్ ఐలర్స్ కంప్యూటర్‌తో ఆ లెక్క సరిచేశారు.

ఈ ఆరు ఇటుకలతో మా అక్క ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను.

మా అక్క కొడుక్కి ఎనిమిదేళ్ళు. 'వర్షాకాలం' మీద పది వాక్యాలు రాసుకు రమ్మన్నారట బళ్ళో. గంటసేపు కూర్చున్నా ఒక్క వాక్యం రాలేదు. వాడి టెన్షన్ చూడలేక నోట్‌బుక్ మూసేసి, ఈ ఆరు ఇటుకలు చేతిలో పెట్టి "వాన పడేటప్పుడు మన ఇల్లు ఎలా ఉంటుందో కట్టరా" అన్నాను.

[దృశ్యం: ఐదు ఇటుకల చిన్న ఇల్లు. ఆరో ఇటుక బల్ల అంచున, ఒంటరిగా.]

ఐదింటితో ఇల్లు కట్టాడు. ఆరోది దూరంగా పెట్టాడు. మిగిలిపోయిందేమో అనుకున్నాను.

"అదేంట్రా?"

"పిన్నీ, అది తాతయ్య. ఇంకా పొలం నుంచి రాలేదు. గొడుగు ఇంట్లోనే మర్చిపోయాడు."

అదే రాయమన్నాను. "తాతయ్య ఇంకా రాలేదు" అని మొదలుపెట్టి, పది వాక్యాలూ దాటి వెనక పేజీకి వెళ్ళాడు. వాడి దగ్గర కథ లేక కాదు, అది కనపడే చోటు లేక ఆగాడు. చేతులు ఒక వస్తువుని ఒక చోట పెట్టగానే 'అక్కడే ఎందుకు?' అన్న ప్రశ్న పుట్టింది. ఆ ప్రశ్నకి జవాబే కథ.

[దృశ్యం: ఇటుకని తిరగేసి చూపిస్తూ. లోపల మూడు గొట్టాలు.]

ఇప్పుడు ఇటుక అడుగున చూడండి. డెన్మార్క్‌లోని బిల్లుండ్ అనే ఊళ్ళో ఓలె కిర్క్ అనే వడ్రంగి 1932లో మొదలుపెట్టిన వర్క్‌షాపే ఈ కంపెనీ. మొదట్లో వాళ్ళ ప్లాస్టిక్ ఇటుకలు అడుగున బోలుగా ఉండేవి, సరిగ్గా పట్టుకునేవి కావు. ఈ గొట్టాలు చేర్చిన డిజైన్‌కి 1958 జనవరి 28న ఆయన కొడుకు పేటెంట్ కోసం దరఖాస్తు పెట్టారు. దాంతో ఇటుక గట్టిగా పట్టుకుంటుంది, లాగితే ఊడి వస్తుంది. ఊడి రావడం నాకు ఇంకా ముఖ్యం. ఎందుకంటే, తప్పు కట్టినా ఏమీ పాడవదని పిల్లలకి ముందే తెలుసు. కాగితం మీద కొట్టివేత అంటే భయపడే పిల్లాడు ఇటుకని పది సార్లు మారుస్తాడు.

తెలుగు పద్యం కట్టేవాళ్ళకి ఈ ఆట కొత్తేమీ కాదు. ఆటవెలదినే తీసుకోండి, వేమన పద్యాల ఛందస్సు. పాదం అంటే పద్యంలో ఒక వరస, గణం అంటే అందులో అక్షరాల చిన్న గుంపు. మొదటి పాదంలో మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు. సూర్య గణాలు రెండు రకాలు, ఇంద్ర గణాలు ఆరు రకాలు. రెండుని మూడు సార్లు, ఆరుని రెండు సార్లు గుణిస్తే 288. ఒక్క పాదానికే అన్ని నడకలు! వాడి కోసం నేను కట్టిన పాదం ఇది:

[తెర మీద: ఎర్ర | యిటుక | పేర్చి | యిల్లు క | ట్టెను వాడు]

'కట్టెను' అన్న మాట ఎక్కడ విరిగిందో చూశారా? 'క' ఒక గణంలో, 'ట్టెను' ఇంకో గణంలో. గోడ కట్టే మేస్త్రి అతుకు మీద అతుకు రానివ్వడు, కింది వరస అతుకు మీదికి పై ఇటుక మధ్యభాగం వచ్చేలా పెడతాడు. లెగో గోడ నిలబడేదీ అలాగే. ఇక్కడ రెండు గణాల అతుకు మీద ఒక మాట కూర్చుంది, అందుకే పాదం ముక్కలుగా వినపడదు.

మీ ఇంట్లో ప్రయత్నిస్తే ఆరు ఇటుకలే ఇవ్వండి, పెట్టె మొత్తం వద్దు. లెగో ఖరీదైనదే, లేకపోతే ఖాళీ అగ్గిపెట్టెలు చాలు. కట్టాక "బాగుంది" అని లేచి వెళ్ళిపోకండి. ఒక ఇటుక మీద వేలు పెట్టి "ఇదెవరు?" అని అడగండి. ఆ రోజుకి ఒత్తులూ దీర్ఘాలూ దిద్దకండి.

[దృశ్యం: అవే ఆరు ఇటుకలు, ఇప్పుడు బస్సు ఆకారంలో.]

మరుసటి వారం వెళ్తే ఇల్లు లేదు, బస్సుంది.

"మరి తాతయ్యేడిరా?"

"ముందు సీట్లో" అని నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.